ఇంట్ల గోల్ఫ్ సిమ్యులేటర్‌కు స్క్రీన్: నల్గొండల మూడేండ్లు వాడినంక

మా ఇంట్ల పైన హాలుల గోల్ఫ్ సిమ్యులేటర్, అంటే ప్రొజెక్టర్ బొమ్మ పడే స్క్రీన్ మీదికి అసలు బాల్ కొట్టి ఇంట్లనే గోల్ఫ్ ఆడేటిది, పెట్టి మూడేండ్లు దాటింది. ఈ మూడేండ్లల్ల స్క్రీన్ రెండుసార్లు మార్చిన, ప్రొజెక్టర్ జాగ మూడుసార్లు మార్చిన, ఇప్పుడు ఏడాదిన్నర సంది దేన్నీ కొత్తగ కొనకుండ నిమ్మలంగ ఆడుకుంటున్న, కాబట్టి ఇగ రాయొచ్చు అనిపించింది. హైదరాబాద్‌ల ఉద్యోగం చేసినన్ని రోజులు గోల్కొండ కోట పక్కన నయాఖిల్లాల ఉన్న గోల్ఫ్ కోర్సుకు పోయి ఆడేది, నల్గొండకు వచ్చినంక ఒక్క ఆట కోసం పోను 100 రాను 100 కిలోమీటర్లంటే ఎన్నడు పోవాలె, ఆట చెయ్యి ఇడిచిపెడితదని భయమై ఇంట్లనే పెట్టిన.

ఇంటికొచ్చి చూసినోళ్లు మొదలు అడిగేది "ప్రొజెక్టర్ ఏది తీసుకున్నవన్నా" అనే. నేనైతే ప్రొజెక్టర్ సంగతి పక్కకు పెట్టి ముందుగాల టేపు పట్టుకొని రూముల నిలబడమంట. ఎందుకంటే ఈ స్క్రీన్‌కు బొమ్మ చూపించుడు రెండో పని, బాల్‌ను ఆపి కిందికి దించుడు మొదటి పని. బాల్ బరువు 46 గ్రాములే గానీ రాయి లెక్క గట్టిగుంటది, డ్రైవర్ అనే పొడుగు క్లబ్ (గోల్ఫ్ కట్టె)తోని నా అసొంటి మామూలోడు కొట్టినా గంటకు 200 కిలోమీటర్ల జోరు దాటుతది.

ఈ మాట నాకు మొదట్ల తెల్వక ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల తెల్ల ఫ్లెక్స్ తెచ్చి, నాలుగు దిక్కుల ఐలెట్లు (తాడు కట్టే రింగులు) కొట్టించి, గోడకు 4 అంగుళాల దూరంల బిర్రుగ గుంజి కట్టిన. బొమ్మ మాత్రం ఒక్క ముడత లేకుండ మస్తు కనిపించింది. మొదటి రోజే 7 ఐరన్ క్లబ్‌తోని కొట్టిన బాల్ ఎంత జోరుగ పోయిందో అంత జోరుగ తిరిగొచ్చి ఎడమ మోకాలి కింద తగిలింది, వారం రోజులు కుంటిన. మా అమ్మ పసుపు పట్టేసుకుంట "పిల్లలు తిరిగే ఇంట్ల ఇదేం ఆట బిడ్డా, తీసేయ్" అన్నది, ఆమె అన్నదాంట్ల తప్పేం లేదు. ఫ్లెక్స్ సాగదు, సాగని దాన్ని ఇంకా గుంజి కట్టిన, వెనక జాగ కూడ లేకపాయె, ఇగ బాల్ యాడికి పోతది, నా మీదికే వస్తది. మూడో వారంల ఐలెట్ల కాడ చినిగింది, అది మంచికే అయింది.

రెండోది ఒకటే పొరున్న పాలిస్టర్ గుడ్డ, ఆన్‌లైన్‌ల తెప్పించిన. బాల్ వాపస్ వచ్చుడు తగ్గింది గానీ చప్పుడు ఘోరం, మధ్యాహ్నం పూట ఒక్కొక్క బాల్‌కు "ధబ్" అని పక్కింటిదాక ఇనిపించేది, వాళ్లింట్ల ముసలాయన పండుకునే టైమే నేను ఆడే టైము. పైంగ ఎనిమిది నెలలకే నడుమల నేత పలుచబడి వెనక గోడ కనిపించుడు షురూ అయింది.

ఇప్పుడున్నది మూడు పొరలది. ముందు, వెనక సన్న నేత ఉండి నడుమల మెత్తటి పొర ఉంటది, వేలుతోని ఒత్తితే పల్చటి పరుపు లెక్క లోపలికి పోయి మల్ల నిమ్మలంగ లేస్తది. 30 వేలు దాటింది, ఫ్లెక్స్‌కు, పాలిస్టర్‌కు పెట్టిన పైసలు కూడ మొదలే దీనికి పెట్టి ఉంటే బాగుండు. అయితే ఖరీదు గుడ్డ తెచ్చినా కట్టుడు తెల్వకపోతే మల్ల ఫ్లెక్సే అయితది. వెనక గోడకు కనీసం ఒక అడుగు జాగ ఇడువాలె, నేను అడుగున్నర ఇడిచిన. ఐలెట్లకు రబ్బర్ బంగీలు (సాగే తాళ్లు) ఏసి పైన, పక్కలకు ముడతలు పోయేటంత వరకే గుంజిన, కింద మాత్రం ఒదులుగ ఇడిచిన. అరచేత్తోని నడుమల నూకితే ఒక జానెడు లోపలికి పోవాలె, అట్ల పోతేనే బాల్ తగిలి జోరు చచ్చి అక్కడ్నే కిందికి జారుతది, మహా అంటే రెండు మూడడుగులు దొర్లుకుంట వస్తది. కొద్దిగ ముడత కనిపిస్తది, ఆట షురూ అయినంక దాని దిక్కు సూపే పోదు.

నాకు బాగ పనికొచ్చింది ఇంకొకటున్నది. స్క్రీన్‌కు, గోడకు నడుమ ఇనుప తీగె కట్టి మా అమ్మమ్మ కుట్టిన పాత బొంతలు రెండు ఏలాడదీసిన, పాత చీరలు పొరలు పొరలుగ పెట్టి కుట్టినవి, మస్తు బరువుంటయి. స్క్రీన్‌కు ఆనకుండ 6 అంగుళాలు ఇడిచిన. చప్పుడు సగానికి సగం తగ్గింది, పక్కింటాయనే అడిగిండు, ఆడుడు బంద్ చేసినవా ఏంది అని.

ఫ్రేముకు స్క్వేర్ ట్యూబ్ వెల్డింగ్ చేయించిన, 11 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. ట్యూబ్ మొత్తం ఫోమ్ చుట్టాలె, ముందలి అంచు అయితే తప్పకుండ. ఒకసారి పక్క స్తంభానికి ఫోమ్ ఊడిపోయింది, రేపు పెడదామనుకున్న, ఆ రోజే బాల్ పక్కకు పోయి ఇనుముకు తగిలి తిరిగొచ్చి ట్యూబ్‌లైట్ పలిగింది. అప్పుడు రూముల నా చిన్న బిడ్డ లేకపోవుడు దేవుడి దయ. పక్కలకు క్రికెట్ నెట్ కట్టిన, తోటలకు వాడే పచ్చ షేడ్ నెట్ పనికిరాదు, చినుగుతది.

ఇగ సైజు. నా హాలు పొడుగు 20 అడుగులు, వెడల్పు 13, స్లాబ్ ఎత్తు 10. స్క్రీన్ వెనక అడుగున్నర, స్క్రీన్ నుంచి బాల్‌కు 10 అడుగులు, బాల్ ఎట్ల పోయిందో కొలిచే మిషన్ నా దగ్గరున్నది గార్మిన్ ఆర్10, రాడార్ రకం, అది బాల్ వెనక 6 నుంచి 8 అడుగుల దూరంల ఉండాలె, నేను 7 పెట్టిన, అంటే 18న్నర అయిపాయె. పొడుగు తక్కువున్నోళ్లు బాల్ పక్కన పెట్టుకునే కెమెరా రకం చూసుకోవాలె. స్లాబ్ 9 అడుగులే ఉంటే డ్రైవర్ చేతుల పట్టుకొని నిమ్మలంగ తిప్పి చూసుకొని అప్పుడు పైసలు పెట్టుర్రి.

బొమ్మ షేపు విషయంల నేను బాగ దెబ్బతిన్న. స్క్రీన్ 4:3 (వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు) తీసుకున్న, 10 అడుగుల వెడల్పు, ఏడున్నర ఎత్తు, ప్రొజెక్టరేమో 16:9. పది అడుగుల వెడల్పుకు 16:9 బొమ్మ ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలే వస్తది, పైన దగ్గర దగ్గర రెండడుగులు ఖాళీ. ఏడ్చేటిది యాడంటే వెడ్జ్ (బాల్‌ను పైకి లేపే క్లబ్)తోని కొట్టిన బాల్ 30 డిగ్రీల మీద లేస్తది, 10 అడుగులు పోయేసరికి 5 అడుగుల 9 అంగుళాల ఎత్తుల ఉంటది, అంటే బాల్ బొమ్మ దాటి ఖాళీ గుడ్డకు తగులుతది, కొట్టినట్టే అనిపించదు. మల్ల ప్రొజెక్టర్ సెట్టింగ్స్‌ల 4:3 పెట్టి, ఎత్తు నిండేదాక దాన్ని వెనకకు జరిపిన. నాది షార్ట్ త్రో, దగ్గర్నుంచే పెద్ద బొమ్మ ఏసే రకం, త్రో రేషియో 0.5, అంటే మొత్తం 16:9 బొమ్మ వెడల్పుల సగం దూరంల పెట్టాలె. మొదలు స్క్రీన్‌కు 5 అడుగుల కాడ ఉండె, ఇప్పుడు 6 అడుగుల 8 అంగుళాల కాడ స్లాబ్‌కు ఏలాడుతుంది. పక్కల పిక్సెల్స్ కొన్ని వాడకుండ పోతయి, అయినా నాకు నడుస్తది, ఎందుకంటే స్క్రీన్ నిండ గడ్డి కనిపిస్తది. నా నీడ కూడ పడదు. కొత్తగ కొనేటోళ్లు స్క్రీన్, ప్రొజెక్టర్ రెండూ 16:10 తీసుకున్నా నడుస్తది, రూము ఎత్తుంటే 4:3 మేలు. కీస్టోన్ సెట్టింగ్‌తోని వంకర బొమ్మ సరిచేసుడు ఎంత తక్కువైతే అంత మంచిది, ఎక్కువైతే యార్డేజ్ (దూరం) అంకెలు మసకబడతయి, ప్రొజెక్టర్‌నే సూటిగ బిగించుకోవాలె.

ఫ్యాను సంగతి ఎవ్వరు చెప్పరు. స్లాబ్ ఫ్యాను తీసేయక తప్పదు, క్లబ్ తగులుతది. మన మే నెలల ఫ్యాను లేకుండ పై అంతస్తుల పది బాల్స్ కూడ కొట్టలేము, గోడ ఫ్యాను పెట్టిన. అది స్క్రీన్ దిక్కు తిరిగితే ఒదులుగున్న గుడ్డ అలల లెక్క ఊగి బొమ్మల ఫెయిర్‌వే (ఆడే గడ్డి దారి) మొత్తం ఊగుతది. ఇప్పుడు నా వెనక గోడకు బిగించి ముఖం స్క్రీన్ దిక్కు పోకుండ తిప్పిన. కరెంట్ పోతే ల్యాంప్ ప్రొజెక్టర్ చల్లారకుండనే ఆగుతది, అది ల్యాంప్‌కు మంచిది కాదు, చిన్న యూపీఎస్ పెట్టుకోవాలె.

బాల్స్ తుడువాలె. ఇది మా ఇంట్ల పిల్లలక్కూడ నేర్పిన. బయట చెలకల కొట్టిన ఎర్రమట్టి బాల్ అట్లనే తెచ్చి కొడితే స్క్రీన్ మీద గుండ్రటి మరక పడతది, నేతల దిగినంక పోదు. మార్కర్ గీతలున్న బాల్ కూడ అంతే, గీత స్క్రీన్ మీదికి ఎక్కుతది. మీద గీరుకపోయిన పాత బాల్ అయితే ఇంకా అన్యాలం, వెడ్జ్ స్పిన్‌కు ఆకురాయి లెక్క పనిచేసి దారాలు లేపుతది. పక్కన బకెట్, తడి గుడ్డ పెట్టుకుంట. ఏడాదికొకసారి స్క్రీన్ విప్పి చల్ల నీళ్లల్ల తేలిక సబ్బుతోని చేత్తోనే పిండకుండ ఉతికి నీడకు ఆరేస్త.

మొన్న ఉతికినప్పుడు వెలుగుకు పట్టి చూసిన. కింది నుంచి రెండడుగుల కాడ మొదలై నాలుగు అడుగుల దాక, డ్రైవర్, ఐరన్ బాల్స్ తగిలే జాగ బూడిద రంగు తిరిగింది, వేలు పెట్టి ఒత్తితే నడిమి పొర అక్కడ జర అణిగి ఉన్నది. మిగతాది కొత్త గుడ్డ లెక్కనే ఉన్నది. అందుకని ఐలెట్లు రెండు దిక్కుల ఒక్కతీరుగనే ఉన్నయి కదా అని స్క్రీన్‌ను తలకిందులు చేసి కట్టిన, అరిగిన పట్టీ ఇప్పుడు మూడున్నర నుంచి అయిదున్నర అడుగుల మీదికి పోయింది, డ్రైవర్ బాల్ తాజా గుడ్డకు తగులుతుంది. నెల రోజులైంది, బాల్ మొదటి ఏడాది లెక్కనే మెత్తగ జారుతుంది.