మిషన్ ట్రిప్ ఓరియెంటేషన్ కోర్సు: పదిహేను వందలు పెట్టొచ్చా?

అందరికీ వందనాలు. మా సంఘం నుంచి చిన్న టీమ్ ఒకటి కెన్యాలో కిసుము వెళ్లొచ్చాం, అక్కడి లోకల్ చర్చి వాళ్ళు పిల్లలకి వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిలు తరగతులు), ఆడవాళ్ళకి కూడికలు పెట్టుకుని పిలిచారు. వెళ్లేముందు హైదరాబాద్‌లో ఒక మినిస్ట్రీ వాళ్ళు నడిపే ఓరియెంటేషన్ కోర్సు చేశాం. రెండు శనివారాలు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా, మనిషికి పదిహేను వందలు, అందులోనే మధ్యాహ్నం భోజనం, ఒక ఫైలు, చివర్లో సర్టిఫికెట్టు. మాలాగా గుంటూరు నుంచి వచ్చేవాళ్ళకి ట్రైన్ ఖర్చు అదనం. పేరు రాయట్లేదు, వాళ్ళు మంచోళ్ళే, పైగా మా పాస్టర్ గారికి బాగా తెలిసినోళ్ళు. కానీ ఇలాంటి కోర్సులకి వెళ్ళాలా వద్దా అని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఒక్కొక్కళ్ళకి ఫోన్‌లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

మొదటి శనివారం గురించి ముందే చెప్పేస్తా, దండగ. తొమ్మిదికి అన్నది పదింపావుకి మొదలైంది, ఆరాధన బాగుంది కాదనను, ఆ తర్వాత పిలుపు గురించి వాక్యం ఒంటిగంట దాకా సాగింది. అది మా సంఘంలో ప్రతి ఆదివారం వింటున్నదే, దానికి తెల్లారుజామున ట్రైనెక్కి రావాలా? భోజనం అయ్యాక స్లైడ్లు మొదలుపెట్టారు. ఆ స్లైడ్లు చూడాలండీ! ఎవరో అమెరికా చర్చి వాళ్ళు వాళ్ళ యూత్ పిల్లల కోసం చేసుకున్నవి ఉన్నవి ఉన్నట్టు తెలుగులోకి దించేశారు. కరెంటు పోవచ్చు, కంగారు పడకండి అంట. స్నానానికి బకెట్టు, మగ్గు ఇస్తారంట, ఎలా వాడాలో బొమ్మతో సహా వేశారు. కింద కూర్చునే టాయిలెట్లు ఉంటాయి, ముందే అలవాటు చేసుకోండి అంట. మా వెనక వరసలో ఒక పెద్దాయన "మేం పుట్టిందగ్గర్నుంచీ ప్రాక్టీసులోనే ఉన్నాం బ్రదర్" అన్నాడు, హాలంతా ఒకటే నవ్వు, చెప్పే బ్రదర్ కూడా నవ్వేశాడు గానీ స్లైడ్లు మాత్రం ఆపలేదు. తీసుకెళ్ళాల్సిన వాటి లిస్టులో పీనట్ బటర్, గ్రానోలా బార్లు ఉన్నాయి. కారప్పూస, మరమరాల ఊసే లేదు.

నవ్వుకున్నాం సరే, నాకు అసలు కడుపు మండింది ఇక్కడే. ఇలాంటి ట్రిప్పుల్లో మన ఊళ్ళు ఎప్పుడూ ఆతిథ్యం ఇచ్చే వైపే ఉన్నాయి కదా. విదేశాల నుంచి టీమ్ వస్తుందంటే ఏం జరుగుద్దో మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? చర్చికి సున్నం వేయిస్తారు, పాస్టర్ గారు అప్పో సప్పో చేసి చికెన్, మటన్ పెట్టిస్తారు, పాస్టరమ్మ గారు పొయ్యి దగ్గర్నుంచి కదిలే పనే ఉండదు, పరీక్షలున్నా పిల్లల్ని పోగేస్తారు, దండలు, శాలువాలు, బెలూన్లు, ఫోటోలు, మళ్ళీ వస్తాం అని చెప్పి వాళ్ళు వెళ్ళిపోతారు, ఆ తర్వాత ఏడాది పొడుగునా పిల్లలు ఆ అక్క ఎప్పుడొస్తుంది అని అడుగుతానే ఉంటారు. మా చిన్నప్పుడు నేనూ అడిగాను. ఇదంతా చూసి పెరిగిన మనం ఇప్పుడు అతిథులుగా ఇంకో దేశం వెళ్తున్నాం, కోర్సు మొత్తం దీని మీద కట్టినా సరిపోద్ది, మొదటి రోజు దీని గురించి ఒక్క ముక్క లేదు.

రెండో శనివారం మాత్రం వేరే లెవెల్. నెల్లూరు వైపు నుంచి రిటైరైన పాస్టర్ గారు ఒకాయన వచ్చారు, స్లైడ్లు లేవు, మైకు కూడా వద్దన్నారు. జాన్ రంగయ్య గారి సంగతితో మొదలుపెట్టారు. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు వచ్చింది 1840లో. 1903కల్లా మన తెలుగు బాప్టిస్టు సంఘాలే సొంతంగా సొసైటీ పెట్టుకుని రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి పంపించాయి. అక్కడ చెరుకు తోటల్లో, కెర్స్నీ టీ తోటల్లో మన తెలుగోళ్ళు ఒప్పందం మీద కూలికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు, ఆ ఏడాది డిసెంబరులోనే వాళ్ళతో సంఘం కట్టాడు, 1915లో చనిపోయేదాకా ఆ దేశంలోనే ఉన్నాడు. ఇది చెప్పి పెద్దాయన "ఆయన చేసింది మిషన్, మీరు వెళ్ళేది పలకరింపుకి. పలకరింపు తప్పు కాదు, పేరు మాత్రం పెద్దది పెట్టుకోకండి" అన్నారు. మా యూత్ బ్రదర్స్‌లో కొందరికి మొహం మాడింది, అప్పటికే మిషన్ అని టీషర్టులు ప్రింటు వేయించేసి ఉన్నారు మరి.

తర్వాత ఆయన చేయించింది నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. కుర్చీ ఒకటి మధ్యలో వేసుకుని కూర్చుని, నేను అక్కడి తల్లిని, నా కొడుక్కి స్కూలు ఫీజు కట్టాలి, మీరు నాతో మాట్లాడండి అన్నారు. ఒక్కొక్కళ్ళం వెళ్ళాం. నిమిషం తిరక్కుండా ప్రతివాళ్ళూ ఏదో ఒక మాట ఇచ్చేశారు, ఒకరు మా సంఘంలో చెప్తాం అన్నారు, ఒకరు దేవుడు దారి చూపిస్తాడు నేను ఫోన్ చేస్తా అన్నారు, ఒక సిస్టర్ అయితే ఏకంగా నంబరు రాసిచ్చింది. ఆయన అవన్నీ బోర్డు మీద రాసి, ఇవన్నీ ఆమె చెవికి ఫీజు కడతారనే వినపడతాయమ్మా, మీరు ఫ్లైటెక్కాక ఆమె వెళ్ళి అడిగేది అక్కడి పాస్టర్‌ని, ఆయనేం చెప్పాలి అన్నారు. హాల్లో చప్పుడు లేదు. డబ్బు సాయం ఏదున్నా అక్కడి సంఘ పెద్దలతోనే మాట్లాడాలి, వాళ్ళ చేతుల మీదుగానే జరగాలి, మనిషికి మనిషి మాట ఇవ్వకూడదు, అంతే రూలు. కిసుములో ఈ ఒక్క రూలు మమ్మల్ని ఎన్నిసార్లు కాపాడిందో.

ఆయనే ఇచ్చిన ఇంకో హోంవర్కు, పిలిచినవాళ్ళని ముందే మూడు విషయాలు అడగమన్నారు: ఏ తేదీల్లో వస్తే మీకు ఇబ్బంది, వంట ఎవరు చేస్తారు దాని ఖర్చు ఎంత, ఏం తేవద్దు. మేం వాట్సాప్‌లో అడిగితే అక్కడి పాస్టర్ గారు మొహమాటపడుతూనే చెప్పారు, జూలైలో స్కూళ్ళు నడుస్తుంటాయి, ఆగస్టు సెలవుల్లో అయితే పిల్లలు ఉంటారు అని. టికెట్లు ఇంకా బుక్ చేయలేదు కాబట్టి మార్చుకున్నాం. అడక్కపోతే ఆయన జూలైకే సరేననేవారు, పిల్లల్ని స్కూలు మాన్పించి మరీ కూర్చోబెట్టేవారు. వంట ఖర్చు మొదటి రోజే ఇచ్చేశాం, ఏం తేవద్దంటే బట్టలు వద్దన్నారు, అక్కడ మార్కెట్లో చవగ్గానే దొరుకుతాయంట.

ఇంక మధ్యాహ్నం నర్సు సిస్టర్ క్లాసు. ఆఫ్రికాలో పనిచేసి వచ్చినావిడ, చాలా స్ట్రిక్టు. తన ఎల్లో ఫీవర్ టీకా కార్డు, ఆ పసుపు పచ్చ పుస్తకం, అందరి చేతుల్లో పెట్టి చూపించింది: పాస్‌పోర్టులో ఉన్న పేరు అక్షరం పొల్లు పోకుండా ఉండాలి, టీకా బ్యాచ్ నంబరు, తేదీ, సెంటరు స్టాంపు అన్నీ ఉండాలి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాత నుంచే కార్డు చెల్లుద్ది, రేపు ఫ్లైటు అనగా ఇవాళ పరిగెత్తితే లాభం లేదు. ఇదివరకు పదేళ్ళకోసారి వేయించుకోవాల్సి వచ్చేది, 2016 నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోద్ది. ఈ కార్డు మనల్ని గట్టిగా అడిగేది తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టు వాళ్ళే, ఎందుకంటే ఆ జబ్బు మన దేశంలో లేదు గానీ దాన్ని మోసే దోమ మన ఇళ్ళల్లోనే ఉంది, డెంగ్యూ దోమే అది. కార్డు లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మామూలు క్లినిక్కుల్లో వెయ్యరు, ప్రభుత్వం అనుమతి ఇచ్చిన సెంటర్లలోనే, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), వైజాగ్‌లో పోర్ట్ హెల్త్ ఆఫీసు. కోడిగుడ్డు పడనివాళ్ళు, గర్భిణులు, అరవై దాటినవాళ్ళు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. మా టీమ్‌లో పెద్దావిడ ఒకరు ఈ మాట విన్నాకే డాక్టర్ దగ్గరికెళ్ళింది.

మలేరియా దగ్గర మంచి గొడవ నడిచింది. మాది ఏజెన్సీ ఏరియా, మలేరియా మాకు కొత్తా అన్నాడు ఒక బ్రదర్. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం, మెదడుకి ఎక్కే రకం, మీ ఊళ్ళో జొరమొచ్చి తగ్గిందని ఇక్కడ ధైర్యం చేయకు అంది ఆవిడ. నైరోబీ ఎత్తు మీద, చల్లగా ఉంటుంది, అక్కడ భయం తక్కువ, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుముకి వెళ్తే మాత్రం అది రాకుండా వేసుకునే మాత్రలు తప్పవు. డాక్సీసైక్లిన్ అయితే రోజూ ఒకటి, ఏదైనా తిన్నాక, గ్లాసు నిండా నీళ్ళతో, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. ఎండకి చర్మం మండుద్ది, టోపీ కావాలి. అందరూ ఆపేసేది ఇంటికొచ్చాకే అని ఆవిడ మరీ మరీ చెప్పింది, నిజంగానే మా టీమ్‌లో ఇద్దర్ని నేను రోజూ మెసేజ్ పెట్టి వేయించాను. టైఫాయిడ్ టీకా కూడా చెప్పింది, టైప్‌బార్ టీసీవీ అని మన హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ళదే.

ఇంత బాగా నడిచిన రోజున చివర్లో పేపర్ల క్లాసు మొత్తం మూడ్ పాడుచేసింది. కెన్యాకి 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి, ఆ అప్లికేషన్ ఎలా నింపాలో బాగానే చూపించారు. కానీ ఎందుకు వెళ్తున్నారు అనే దగ్గరికొచ్చేసరికి ఆఫీసు తమ్ముడు టూరిజం అని కొట్టేయండి, అందరూ అదే చేస్తారు అన్నాడు. అదేం మాటండీ! మన దేశానికి టూరిస్టు వీసా మీద వచ్చి వాక్యం చెప్పిన విదేశీయుల్ని వెనక్కి పంపారని పేపర్లో చదువుతూనే ఉంటాం, మనం వెళ్తే రూలు మారిపోద్దా? మేం ఆహ్వాన పత్రం జతచేసి, ఉన్నదే రాసి పెట్టాం, వచ్చింది. నేపాల్ టీమ్ వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, మనకి వీసా అక్కర్లేదు నిజమే గానీ 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న వాళ్ళ కొత్త క్రిమినల్ చట్టంలో మతం మార్చడం నేరం, ఐదేళ్ళ దాకా జైలు. మా బ్యాచ్‌లో నేపాల్ వెళ్ళేవాళ్ళు ఉన్నారు, కోర్సు వాళ్ళు దీని గురించి నోరెత్తలేదు, పక్కన కూర్చున్న నేనే చెప్పాల్సి వచ్చింది.

వాళ్ళే అమ్మిన ఇన్సూరెన్సు కూడా చదవకుండా కట్టకండి. మాకిచ్చిన కాగితంలో ఆస్పత్రి ఖర్చు ఉంది గానీ సీరియస్ అయితే పెద్ద ఊరికి విమానంలో తరలించే ఖర్చు లేదు, కిసుము లాంటి చోటకి అసలు కావాల్సిందే అది. మేం బయట వేరేది తీసుకున్నాం.

చిన్న చిన్నవి ఫైల్లో ఉన్నాయి, పనికొచ్చాయి. కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2017 ఆగస్టు 28 నుంచి నిషేధం, కాబట్టి వీబీఎస్ సామాను, చెప్పులు అన్నీ కవర్లలో కట్టే మన అలవాటు మానుకుని గుడ్డ సంచుల్లో సర్దాం. డాలర్లు కొత్త నోట్లే తీసుకోవాలి, పాతవి, మడతలు పడ్డవి, పెన్ను గీతలున్నవి అక్కడ తీసుకోరు. ప్లగ్గు పాయింట్లు బ్రిటిష్ రకం, మూడు చదరపు పిన్నులు. అక్కడ దిగాక సిమ్ తీసుకుని ఎం-పెసా పెట్టుకుంటే కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తోనే కట్టేయొచ్చు, మన ఫోన్‌పే వాడినోళ్ళకి ఐదు నిమిషాల పని. బియ్యం, పప్పులు మోసుకెళ్ళాల్సిన పనే లేదు, అక్కడ గుజరాతీ వాళ్ళ షాపులు ఉన్నాయి, ఉగాలి మన సంకటి లాగే ఉంటుంది, సుకుమా వికీ ఆకుకూరతో హాయిగా తినొచ్చు. ఆవకాయ మాత్రం చెక్-ఇన్ లగేజీలో, మూత మీద టేపు చుట్టి.

పాటలు మొత్తం స్వాహిలీలో నేర్పించారు, కిసుము వైపు జనం ఇంట్లో మాట్లాడుకునేది లువో భాష. స్వాహిలీ అందరికీ వచ్చు కాబట్టి పనయితే జరిగింది, కానీ మా సిస్టర్ ఒకావిడ ఎవరినో అడిగి నేర్చుకుని వంటింట్లో ఆడవాళ్ళకి ఎరోకమానో అని థాంక్స్ చెప్పినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. ఆడవాళ్ళ విషయాలు ఏమీ చెప్పలేదు, చీరా చుడీదారా, పీరియడ్స్ వస్తే ఏంటి, రాత్రిపూట ఎవరితో బయటికెళ్ళాలి, ఇవన్నీ మేం భోజనాల దగ్గర నర్సు సిస్టర్‌ని పట్టుకుని అడిగినవే. పిల్లల ఫోటోలు తీసి స్టేటస్‌లు పెట్టడం గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు, అది మాట్లాడాల్సిన సంగతి.

భోజనం సూపర్, రెండు రోజులూ.

స్టార్లు ఇవ్వాలంటే మొదటి శనివారానికి ఒకటి, రెండోదానికి నాలుగున్నర. మొదటిసారి వెళ్ళేవాళ్ళయితే రెండో రోజు ఒక్కదానికే తీసుకుంటారా అని ఫోన్ చేసి అడగండి, మా తర్వాత బ్యాచ్‌లో ఒకరిని ఎనిమిది వందలకి అలాగే తీసుకున్నారు. ఇప్పటికే ఒకసారి వెళ్లొచ్చినవాళ్ళకి అక్కర్లేదు. ఏదైనా సరే ముందు టీకా సెంటర్‌కి ఫోన్ చేసి డేట్ తీసుకోండి, అక్కడ రోజూ వెయ్యరు, పాస్‌పోర్టు ఒరిజినల్ పట్టుకెళ్ళండి, కోర్సు ఫీజు ఆ తర్వాత కట్టొచ్చు.