నల్ల చీర, పెన్సిలు: మా క్యాంపస్ ఆర్కెస్ట్రాలో రెండు సెమిస్టర్లు

అమెరికాకి ఎమ్మెస్ చదవడానికి వస్తూ సూట్‌కేసులతో పాటు వయొలిన్ పెట్టె కూడా భుజాన తగిలించుకొచ్చే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. ఇక్కడ సంగీతమే చదువుగా ఉన్నవాళ్లకి ఒక ఆర్కెస్ట్రా, మిగతా శాఖల వాళ్లకి క్యాంపస్ ఆర్కెస్ట్రా అని ఇంకొకటి ఉన్నాయి. ఈ రెండోదాంట్లో రెండు సెమిస్టర్లు సెకండ్ వయొలిన్ (రెండో వయొలిన్ జట్టులో) వాయించాను. ఒక్క క్రెడిట్ కోర్సు. ప్రతి మంగళవారం సాయంత్రం 7 నుంచి 9:30 దాకా రిహార్సల్, సెమిస్టర్‌కి ఒక కచేరీ. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ఎక్కడ తగ్గిందో కిందికి వెళ్లాక చెప్తాను.

సంగీతం చదవని పిల్లల ఆర్కెస్ట్రానే కదా అని తేలిగ్గా తీసుకోకండి. 1702లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విద్యార్థుల్ని కూడగట్టి వాద్యబృందం మొదలుపెట్టిన స్వరకర్త టెలిమాన్ అప్పటికి లా చదువుతున్న కుర్రాడు. ఆ బృందాన్నే 1729 నుంచి ఇంకో పెద్ద స్వరకర్త బాఖ్ నడిపాడు. జిమ్మర్‌మన్ అనే ఆయన కాఫీ హౌస్‌లో వాళ్ల కచేరీలు జరిగేవి. మా దగ్గర ఇంజనీరింగ్ వాళ్లు, నర్సింగ్ వాళ్లు, నేలల మీద పీహెచ్‌డీ చేస్తున్న ఒకాయన ఉన్నారు. దాదాపు అందరూ చిన్నప్పుడు స్కూల్లో మొదలుపెట్టి ఇప్పటిదాకా వదలనివాళ్లే.

నాది విజయనగరం. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు. ఏడేళ్లప్పటి నుంచి మాస్టారింట్లో చాప మీద కూర్చుని, వయొలిన్ తలని కుడి పాదం మీద ఆనించుకుని నేర్చుకున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రెండేళ్లూ ఆదివారాలు ఒక వెస్టర్న్ టీచర్ దగ్గర స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) దిద్దాను. అది రాకపోతే ఈ ఆర్కెస్ట్రాలోకి రాలేరు. మన చెవి ఎంత గట్టిదైనా, కాగితం చూసి అప్పటికప్పుడు వాయించడం వేరే విద్య.

ఆడిషన్ ఎనిమిది నిమిషాలు. మూడు స్థాయిల స్కేల్స్ (స్వరాల ఆరోహణ, అవరోహణ) రెండు, మనం తయారుచేసుకున్న రచన ఒకటి, చివర్లో ఎప్పుడూ చూడని ఒక పేజీ. అర నిమిషం చూడనిచ్చి వాయించమంటారు. నేను వాయించడం అయ్యాక, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ మేడమ్ కాసేపు ఆగి, "మీ శ్రుతి చాలా బాగుంది. స్వరం నుంచి స్వరానికి జారకుండా వాయించగలరా?" అని అడిగారు. పద్దెనిమిదేళ్లు గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) పట్టడానికి పడ్డ కష్టం ఆ క్షణంలో గుర్తొచ్చింది. వాయించగలనన్నాను. నిజంగా రావడానికి ఒక సెమిస్టర్ పట్టింది. వచ్చాక నా కర్ణాటక సంగీతం చెడలేదు కూడా. ఇంటికెళ్లి తీగలు మళ్లీ స-ప-స-ప కి దించుకుని కింద కూర్చుంటే వేళ్లు పాత దారి పట్టేస్తున్నాయి. రోజూ తీగలు పైకీ కిందికీ తిప్పితే తెగిపోతున్నాయని, ఆర్కెస్ట్రాకి స్కూల్ వయొలిన్ అద్దెకి తీసుకున్నాను. మీరూ అదే చేయండి.

మొదటి రోజే నాలుగు పేజీల నియమావళి ఇచ్చి సంతకం పెట్టించుకుంటారు. 7 గంటల రిహార్సల్ అంటే 6:50కల్లా కుర్చీలో ఉండాలి. సరిగ్గా ఏడింటికి ఓబో అనే ఊదే వాద్యం అందరూ శ్రుతి చేసుకోవడానికి 'ఎ' స్వరం ఇస్తుంది, 440 హెర్ట్జ్. ఆ తర్వాత పెట్టె తెరిస్తే లేటు కిందే లెక్క. రెండు లేట్లు ఒక ఆబ్సెంటు. కారణం లేని ఆబ్సెంట్లు రెండైతే గ్రేడు ఒక మెట్టు దిగుతుంది. జ్వరం వస్తే మధ్యాహ్నం మూడులోపు ఈమెయిల్ పెట్టాలి. డ్రెస్ రిహార్సల్ (కచేరీకి ముందు హాల్లో చేసే చివరి రిహార్సల్) తప్పితే కచేరీలో వాయించనివ్వరు, కచేరీ తప్పితే కోర్సు ఫెయిల్. ఫోను సంచిలో ఉండాలి, నొటేషన్ పెట్టుకునే స్టాండు మీద కనపడకూడదు. ప్రతి ఒక్కరి దగ్గరా పెన్సిలు ఉండాలి, పెన్ను తేకూడదు.

వీటన్నిటిలో నాకు బాగా కొత్తగా అనిపించింది కమాను (తీగల మీద లాగే బో) నియమం. మన పద్ధతిలో కమాను పైకి తియ్యాలా కిందికి తియ్యాలా అనేది వాయించేవాళ్ల ఇష్టం. సాహిత్యం విరుపు చెవిలో ఉంటే చెయ్యి దాని వెంట పోతుంది. ఇక్కడ సెకండ్ వయొలిన్ ప్రిన్సిపల్, అంటే మా జట్టు నాయకురాలు, ప్రతి స్వర పదబంధానికీ పైకి, కిందికి గుర్తులు పెడుతుంది. పన్నెండు మందిమీ పెన్సిలుతో అవే గుర్తులు రాసుకుని అలాగే లాగాలి. రిహార్సల్ మధ్యలో గుర్తు మారితే ముందు స్టాండు వాళ్లు వెనక్కి తిరిగి చూపిస్తారు, మనం చూసి, రాసి, మన వెనకవాళ్లకి చూపించాలి. సందేహం వస్తే చెయ్యెత్తి కండక్టర్ని అడగకూడదు. ముందు స్టాండుకి చెప్తే వాళ్లు ప్రిన్సిపల్‌కి చెప్తారు, ఆమె అవసరమనుకుంటే అడుగుతుంది. మొదట్లో ఇంత అంచె దేనికి అనుకున్నాను. డెబ్భై మంది తలా ఒక ప్రశ్న అడిగితే రెండున్నర గంటలు ఏ మూలకీ రావని మూడో వారానికే తెలిసింది. పన్నెండు కమానులు ఒక్కటిగా కదిలినప్పుడు వచ్చే నాదంలో నా వయొలిన్ నాకు విడిగా వినపడదు. ఆ అనుభవం నాకు చాప మీద ఎప్పుడూ కలగలేదు.

రెండో నియమం పేజీ తిప్పడం. ఇద్దరికి ఒక స్టాండు, ఒకే నొటేషన్ ప్రతి. శ్రోతల వైపు కూర్చున్నవాళ్లు ఆపకుండా వాయిస్తారు, లోపలివైపు వాళ్లు వాయించడం ఆపి పేజీ తిప్పుతారు. నాది నాలుగో స్టాండు, లోపలి కుర్చీ. పక్కన బయాలజీ మూడో ఏడాది అమ్మాయి. పేజీ చివరి రెండు వరుసలు కంఠతా వచ్చుండాలి, అప్పుడే చెయ్యి ఖాళీ అవుతుంది. చెక్ స్వరకర్త ద్వోర్జాక్ ఎనిమిదో సింఫనీలో ఒకచోట ఆలస్యంగా తిప్పాను. ఆ అమ్మాయికి నాలుగు బార్లు (తాళం ప్రకారం విడదీసిన స్వరాల ముక్కలు) కనపడలేదు, ఊహించి వాయించింది. విరామంలో క్షమాపణ చెప్పాను. తను ఆ పేజీ మూల మడిచి, కింద చిన్న కళ్లజోడు బొమ్మ గీసింది. ఇక్కడ జాగ్రత్తగా చూడు అనడానికి వీళ్లందరూ గీసుకునే గుర్తట అది. ఆ తర్వాత ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

ఇక తగ్గించిన మార్కు సంగతి. స్ప్రింగ్ సెమిస్టర్‌లో ఇక్కడ మేముండే ఊళ్లోని తెలుగువాళ్ల ఉగాది వేడుకలో వయొలిన్ వాయిస్తానని జనవరిలోనే మాటిచ్చాను. ఐదో వారంలో డ్రెస్ రిహార్సల్ తేదీ చెప్పారు. అదే శనివారం, అదే వేళ. వెళ్లి కండక్టర్ మేడమ్‌ని కలిశాను. ఆమె కోప్పడలేదు. "మీరు రాకపోతే మీ పక్కమ్మాయి తనే వాయిస్తూ తనే పేజీలు తిప్పుకోవాలి. హాల్లో కుర్చీల మధ్య దూరం, వెలుతురు, అన్నీ ఆ ఒక్కరోజే సరిచూసుకుంటాం" అన్నారు. ఆ మాట నిజమే. నేను ఉగాదిని వదులుకున్నాను. వేడుక చూసుకునే అక్కకి ఫోన్ చేసి చెప్తే ఆమె "పిల్లలు నీ పాట కోసం ఎదురుచూస్తున్నారే" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నియమం సరైనదే. తేదీ ఆలస్యంగా చెప్పడం సరైనది కాదు. విద్యార్థి నుంచి రెండు వారాల ముందు సెలవు చీటీ అడిగే వ్యవస్థ, తన తేదీలన్నీ మొదటి రోజు ఆ నాలుగు పేజీల్లోనే ఇవ్వాలి. కోర్సు మానుకునే గడువు దాటాక కొత్త తేదీ వస్తే పిల్లలకి దారి ఉండదు. సెలవు చీటీలో పండగల జాబితా ఉంది గానీ అందులో మనవి ఒకటో రెండో తప్ప లేవు. చేరేముందే ఆర్కెస్ట్రా మేనేజర్‌కి ఉగాది, సంక్రాంతి, దసరా తేదీలు రాసి పంపండి. ఈమధ్య ఒక తమ్ముడు అలా పంపితే వెంటనే ఒప్పుకున్నారు. అడగకపోతే వాళ్లకి తెలిసే దారి లేదు.

దుస్తుల నియమం గురించి అమ్మాయిలు ఎక్కువగా అడుగుతారు. పూర్తి నలుపు, మణికట్టు దాకా చేతులు, చీలమండ దాకా పొడవు, నల్ల మేజోళ్లు, మూసి ఉన్న బూట్లు. మెరిసే నగలు, చప్పుడు చేసే నగలు వద్దు. సెంటు వద్దు, వాసన నూనె కూడా వద్దు. వెనక ఊదే వాద్యాల వాళ్లు నిండుగా గాలి పీల్చాలి, వాళ్లలో ఉబ్బసం ఉన్నవాళ్లుంటారు. చీర కట్టుకోవచ్చా అని మేనేజర్‌ని అడిగాను. జరీ లేకపోతే, పైట కమానుకి అడ్డం రాకుండా పిన్ను పెట్టుకుంటే కట్టుకోమని రెండు రోజుల్లో జవాబొచ్చింది. అమ్మ మాత్రం ఫోన్లో గింజుకుంది. "కచేరీకి నల్లబట్టలేమిటే? గాజులు కూడా తీసెయ్యాలా? బోసి చేతులతో వేదిక ఎక్కుతావా?" ఇక్కడ నలుపు కట్టేది ఎవరూ విడిగా కనపడకూడదని, అందరూ ఒకే వాద్యంలా ఉండాలని చెప్పాను. మర్నాడు నాన్నతో వెళ్లి జరీ లేని నల్ల నూలు చీర కొని, పొడుగు చేతుల జాకెట్టు కుట్టించి పంపింది.

ఖర్చు చెప్పాలంటే ఒక క్రెడిట్ ఫీజు కాక నాకు వయొలిన్ అద్దె సెమిస్టర్‌కి 75 డాలర్లు, భుజం మీద వయొలిన్ కింద పెట్టుకునే దిండుకి 30. ప్రాక్టీసు గదులకి కార్డు ఇస్తారు, రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటాయి. అపార్ట్‌మెంట్ గోడలు పల్చన కాబట్టి మనకి అది పెద్ద వరం. మిడ్‌టర్మ్ పరీక్ష మంగళవారం సాయంత్రం పడితే సెలవు ఇస్తారు, క్యాంపస్ ఉద్యోగానికి ఇవ్వరు. షిఫ్టులు ముందే సర్దుకోండి.

స్ప్రింగ్ కచేరీలో మొదట జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రాసిన అకడమిక్ ఫెస్టివల్ ఓవర్చర్. 1879లో బ్రెస్లావ్ విశ్వవిద్యాలయం ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇస్తే, దానికి కృతజ్ఞతగా 1880లో రాసి, 1881 జనవరి 4న అక్కడే తనే నిర్వహించాడు. అందులో ఉన్నవి విద్యార్థులు పాడుకునే పాటలు. చివర్లో పెద్ద పాట సి మేజర్ అనే స్కేల్‌లో ఊదే వాద్యాల మీద వస్తుంటే, వయొలిన్లు దాని చుట్టూ వేగంగా స్వరాల మెట్లు ఎక్కి దిగుతాయి. ఆ పరుగులు నాకు ఎంతకీ కుదరలేదు. ఒక రాత్రి ప్రాక్టీసు గదిలో, సి ని షడ్జమం అనుకుంటే ఇది శంకరాభరణ రాగమే కదా అని తట్టింది. నొటేషన్ మీద తెలుగులో స రి గ మ రాసుకున్నాను. వారంలో వేళ్లు దారిలో పడ్డాయి.

కచేరీ అయ్యాక వచ్చే సోమవారం ప్రతులు లైబ్రరీకి తిరిగివ్వాలి. కమాను గుర్తులు ఉంచేసి సొంత రాతలన్నీ చెరిపెయ్యాలన్నది నియమావళిలో చివరి వాక్యం. నేనూ పక్కమ్మాయీ ఖాళీ హాల్లో కింద కూర్చుని చెరుపుతున్నాం. కళ్లజోడు తను చెరిపింది. నా అక్షరాల దగ్గరికొచ్చి ఆగి, ఇవేమిటో ఒకసారి పాడి వినిపించమంది. పాడాను. తను కూడా పలికింది, 'ద' దగ్గర ఆగి మళ్లీ మొదలుపెట్టింది. ఫోన్లో ఫొటో తీసుకుని, రబ్బరు నా చేతికిచ్చింది.