డాన్స్ టీచర్‌కి అయిదు స్టార్లు, బడికి మూడే

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి చదువుతోంది. విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకిచ్చే 25 శాతం సీట్లలో దానికి సీటొచ్చింది. పాఠాలు బాగానే చెబుతున్నారు. నేను రాసేది సాయంత్రం పెట్టే యాక్టివిటీ క్లాసుల గురించి.

కూచిపూడి టీచర్ ఎంత బాగా నేర్పుతారో చెప్పలేను. ఓరోజు గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఒక పాపకి అరమండి, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడడం, కుదరడం లేదు. ఆవిడ కేకలెయ్యలేదు. పాప ముందు నేల మీద కూర్చుని, రెండు మోకాళ్లూ పట్టుకుని పక్కలకి తిప్పి, నడుం నిటారుగా పెట్టించి, అప్పుడు మళ్లీ తాళం మొదలుపెట్టారు. అడుగులు కుదిరేదాకా ఎవరికీ గజ్జెలు కట్టనివ్వరు. చెస్ మాస్టారూ ఓపికమంతులే గానీ బోర్డులు చాలవు, సగంమంది చూస్తూ కూర్చోవాలి. కరాటేకి మా పిల్ల వెళ్లలేదు.

ఇబ్బందంతా ఎవరికి నేర్పుతున్నారన్న దగ్గరే. క్లాసులు నాలుగింటి నుంచి అయిదింటిదాకా. స్కూలు బస్సు నాలుగుంపావుకే వెళ్లిపోతుంది. ఇంట్లో బండి ఉన్నవాళ్ల పిల్లలు ఆగుతారు. నది మధ్యలో ఉండే లంక ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు బస్సు దిగి రేవులో పడవెక్కాలి, వాళ్లలో ఒక్కరూ ఆగలేరు. పైగా నెలకి 500 విడిగా కట్టమన్నారు. మా ఆయన కొబ్బరి దింపుకి వెళ్తారు, నేను బట్టలు కుడతాను. వార్షికోత్సవం డ్రెస్సుకి 1,800 అడిగితే, నమూనా చూపించండి నేనే కుట్టిస్తానన్నాను. అద్దె షాపు నుంచే తేవాలన్నారు. డబ్బు కట్టని పిల్లల్ని ప్రార్థన గీతంలో వెనక వరసలో నిలబెట్టారు. ఆ తర్వాత డాన్సు జరుగుతుంటే మా అమ్మాయి స్టేజీ పక్కన నిలబడి ముద్రలన్నీ పట్టింది, ఒక్కటి తప్పలేదు. నాకు కడుపు తరుక్కుపోయింది.

విద్యాహక్కు సీట్లలో చేరిన మా పిల్లల్లాంటి వాళ్లకి లైబ్రరీ, కంప్యూటర్లు, ఆటలు, ఇతర కార్యక్రమాలు దేంట్లోనూ తేడా చూపకూడదని కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నిబంధనల్లోనే ఉంది. ఆ కాగితం ప్రింటు తీయించి హెడ్మాస్టారి చేతికిచ్చాను. ఆయన విసుక్కోకుండా చదివారు. ఈ ఏడాది మా పిల్లల దగ్గర క్లాసు ఫీజు తీసుకోవడం మానేశారు. చెస్‌ని శనివారం ఆఖరి పీరియడ్‌లో పెట్టారు, ఇప్పుడు క్లాసంతా ఆడుతోంది. మూడో స్టారు అందుకే ఇచ్చాను.

ప్రైవేటు బళ్లనే అనడం న్యాయం కాదు. మా ఆడపడుచు కొడుకు చదివే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఉన్నది ఇద్దరు టీచర్లు. ఆటైనా, బొమ్మలైనా, పాటైనా వాళ్లే చూసుకోవాలి. వ్యాయామానికి, కళలకి పార్ట్‌టైమ్ టీచర్లుండాలని చట్టం చెప్పేది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పిల్లలు వందమంది దాటితేనే. ఆటపాటల మీద మనసుండే వయసు అంతకంటే ముందే కదా! అక్కడి టీచరమ్మ సొంత డబ్బుతో రంగు పెన్సిళ్లు కొనిస్తోంది, ఆవిడకి దణ్ణం పెట్టాలి.

బస్సు టైము మాత్రం ఇంకా మారలేదు. వారానికి రెండు రోజులైనా అయిదింటికి బయల్దేరమని తల్లిదండ్రులం సంతకాలు పెట్టి ఇచ్చాం, యాజమాన్యంతో మాట్లాడతామన్నారు. ఇక్కడ చేర్పించాలనుకునేవాళ్లు క్లాసులేం ఉన్నాయని అడిగి ఊరుకోకండి. ఏ టైముకి పెడతారు, తర్వాత ఇంటికెలా పంపుతారు, డ్రెస్సుకి ఎంత తీసుకుంటారు, ఇవన్నీ అడ్మిషన్ రోజే అడగండి.