కార్డు అమ్మేటప్పుడు "ఫ్యామిలీ", రిటర్న్ కౌంటర్ల "మీరు దుకాణమే": నల్లగొండోళ్ళు జెర జాగ్రత్త

నల్లగొండ, నకిరేకల్, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు నుంచి నెలకోపారి కారు మాట్లాడుకొని సిటీల గోదాము షాపుకు సామాన్లకు పోయేటోళ్ళందరికీ చెప్తున్న. షాపు పేరు రాయ. కార్డు చూపియ్యంది గేటు దాటనియ్యరు, బస్తాలు అట్టపెట్టెలు కప్పు దాకా పేరుస్తరు, ఏదో మీకే ఎరుక. మన దగ్గర టెంటేసి "ఫ్యామిలీ మెంబర్‌షిప్" అని అమ్మిపోయిన్రు సూడుండ్రి, ఆ కార్డు ముచ్చటే ఇది.

సంగతి పొట్టిగ. 30 కిలోల కందిపప్పు బస్తా, మా నాలుగిండ్లకు కలిపి ఆ షాపుల తెచ్చినం. అక్కడ కిలో ₹112, ఇక్కడ ప్రకాశం బజార్ల అదే రకం ₹118. బస్తా ఇప్పితే మీద జానెడు మందం నున్నగ, ఒక్క సైజుల మంచి పప్పు. దాని కింది నుంచి నూక, పొట్టు, పుచ్చు. కాంటా మీద పెడితే సంచి బరువు తీసేసి 29 కిలోల 200. జల్లెడ పడితే ఇంకో రెండున్నర కిలోలు నూక, పిండి. కిలోకు 6 రూపాయల చొప్పున మిగిలింది ₹180. నూకల పోయింది ₹280, తూకంల పోయింది ₹90. అంటే ₹180 మిగిలిద్దామని పోయి ₹190 ఎదురు పెట్టుడు. పెట్రోలు, పంతంగి టోలు ఈ లెక్కల ఇంకా కలపలే.

పప్పు పాడైతే పాడాయె, షాపన్నంక ఎక్కడో ఒక బస్తా అట్ల వస్తది. మార్చిస్తే ఈ పోస్టే ఉండకపోవు. నిన్న రిటర్న్ కౌంటర్ల జరిగింది వినుండ్రి.

బస్తా, బిల్లు, కాంటా ఫోటో మూడూ కౌంటర్ మీద పెడితే పిల్లగాడు బిల్లు స్కాన్ చేసి "ట్రేడ్ బిల్లు మేడం, రిటర్న్ రాదు" అన్నడు. పెద్దాయనను పిలువుమంటే వచ్చిండు. ఫోన్‌ల నుంచి తలకాయ లేపలే. బస్తా దిక్కు కూడా సూడలే. "అక్కా, ముప్పై కిలోల పప్పు ఇంట్ల తినేటోళ్ళు ఎవరుంటరు? మీరు దుకాణమే." వెనక లైన్ల నిలబడ్డోళ్ళు కిసుక్కున నవ్విన్రు. ఆయనకు ఇంకా హుషారొచ్చింది. బిల్లును నా దిక్కు తిప్పి పెన్ను మూతతోటి మీది గీత కొట్టి చూపెట్టిండు: "కస్టమర్ టైపు: రీసేల్." అంటే తిరిగి అమ్ముకునేటోళ్ళన్నట్టు. అంత సేపు చేతిల పట్టుకున్న బిల్లే, ఆ గీత మీద చూపు పడనే లేదు. ఎవరికి పడ్తది? బరువు, రేటు, మొత్తం చూస్తం గానీ తలకట్టు ఎవరు చదువుతరు.

"మా దగ్గర దుకాణం లేదు, ఇది ఫ్యామిలీ కార్డు" అంటే కంప్యూటర్ల నుంచి ఫారం ప్రింటు తీసి ముందట పడేసిండు. టెంటు కాడ పిల్లగాడు "ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం" అని పేజీలు తిప్పుకుంట పెట్టించిన ఫారం. మూడో పేజీ అడుగున సన్నటి అక్షరాలు: "నేను కొనే సరుకు తిరిగి అమ్మకానికే తప్ప సొంత వాడకానికి కాదు." దాని పక్కన గడిల టిక్కు. పెన్నుతోటి పెట్టింది కాదు ఆ టిక్కు, ఫారంతోపాటే అచ్చయి వచ్చింది. వ్యాపారం అన్న గడిల పిల్లగాడి చేతిరాత: కిరాణం. జీఎస్టీ నంబర్ గడి మాత్రం ఖాళీ. "దుకాణమైతే నంబరేది సార్?" అని అడిగితే అప్పుడు లేపిండు తలకాయ. "సంతకం మీదే కదా? చదువుకున్నోళ్ళే కదా?" అని లోపలికి పోయిండు. మల్ల బయటికి రాలే.

ఫీజు కట్టించుకునే రోజు కుటుంబం, పప్పు పుచ్చిపోయిన రోజు దుకాణం. బాగుంది.

ఆ టిక్కు ఊకనే పెట్టలే. ఇసుంటి గోదాము షాపులను హోల్‌సేల్ క్యాష్ అండ్ క్యారీ అంటరు, అంటే వ్యాపారులకు అమ్మే పద్ధతి: కిరాణాలు, హోటళ్ళు, క్యాంటీన్లు, ఆఫీసులు. విదేశీ పెట్టుబడితో నడిచే హోల్‌సేల్ షాపులైతే వ్యాపారమని కాగితం ఉన్నోళ్ళకే అమ్మాలె, మామూలు ఇంటికి అమ్మొద్దు. అందుకే ఇండ్లను కూడా దుకాణాలుగ రాసుకునే అలవాటు కొన్ని తావుల ఉంది. ఇంకో లాభం కూడా ఉంది వాళ్ళకు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంల తిరిగి అమ్మకానికి కొన్నోళ్ళు వినియోగదారుల లెక్కలకు రారు. ఆ ఒక్క టిక్కుతోటి మీకు అమ్మే దారి దొరికింది, మీరు అడిగే హక్కు మీద కూడా బండ పడ్డది. దోస్తు కిరాణం కార్డు మీద పోయి తెచ్చుకునేటోళ్ళది ఇంకా అన్యాలం: బిల్లు ఆయన జీఎస్టీ నంబర్ మీద పడ్తది, ఆయన ఖాతాల కొనుగోలుగ కనపడ్తది, మీ పేరు ఆ కాగితంల యాడా ఉండదు. ఇంటికి వాడిన సరుకు మీద ఆయన పన్ను క్రెడిట్ (కొన్నప్పుడు పడ్డ జీఎస్టీని తను కట్టాల్సిన దాంట్ల తగ్గించుకునుడు) తీస్కుంటే రేపు ఆయన మెడకు కూడా చుట్టుకుంటది.

ఇగ రేట్ల కథ. అక్కడ గోడ నిండ రాసేదంతా "ఎమ్మార్పీ మీద ఇంత శాతం తక్కువ" అని. ఎమ్మార్పీకి మన ఊర్ల ఎవరు అమ్ముతున్నరు? పోల్చుకోవాల్సింది మీ కిరాణం రేటుతోటి, అది కూడా కిలోకు ఎంత అని.

రేటు చీటీ మీద పెద్దక్షరాల ఉన్న అంకె మీరు కట్టే అంకె కాదు. బట్టల పొడి 4 కిలోల ప్యాకెట్టుకు పెద్దగ ₹412 అని ఉంది. కింద సన్నగ "6 లేదా ఎక్కువ." ఒక్కటే తీస్కుంటే ₹448. ఆ రెండూ పన్ను కలపని రేట్లు. బట్టల పొడికి జీఎస్టీ 18 శాతం, కలిపితే ఒక్కటి ₹528.64. అదే ప్యాకెట్టు మన దగ్గర ₹520. ఆరు కొంటే ₹486 పడ్తది నిజమే, కానీ 24 కిలోల బట్టల పొడి ఏ ఇంట్ల పెడ్తరు? ఒంటి సబ్బు, టూత్‌పేస్టు, షాంపూకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం పోయి 5 శాతమే అయింది కాబట్టి వాటి దగ్గర దెబ్బ చిన్నగ ఉంటది. బట్టల పొడి దగ్గరనే గట్టిగ తగుల్తది.

నూనె టిన్ను దగ్గర ఇంకా హుషారుగ ఉండాలె. పక్కపక్కనే రెండు టిన్నులు పెడ్తరు, రెండిటి మీద 15 అని పెద్దగ ఉంటది. ఒకటి 15 లీటర్లు, ఒకటి 15 కిలోలు. లీటరు నూనె 910 గ్రాములు తూగుతది, అంటే 15 లీటర్ల టిన్నుల ఉండేది 13.65 కిలోలే. నేను చూసిన రేట్లు ₹2,190, ₹2,370. చూస్తే మొదటిది చవక. భాగించి చూడుండ్రి: మొదటిది కిలో ₹160, రెండోది ₹158. ప్యాకెట్లల్ల కూడ ఇదే ఆట. ఒకదాంట్ల 910 గ్రాములు, పక్క దాంట్ల 850 గ్రాములు, సైజు చూస్తే ఒక్క తీరుగనే ఉంటయ్. ₹142కు 910 గ్రాములు అంటే కిలో ₹156. ₹138కి 850 గ్రాములు అంటే కిలో ₹162. బరువు కొన్నిటికి ప్యాకెట్టు వెనక ఉంటది, తిప్పి చూడాలె. అయినా నెలకు మూడు లీటర్లు వాడే ఇల్లు 15 లీటర్ల టిన్ను ఇప్పితే ఐదు నెలలు వస్తది. మూత తీసినంక గాలి తగిలి, మన ఎండలకు రెండు నెలలు దాటితే వాసన మారుతది. మిగిలిన నూనె దీపాలకే.

బియ్యం కోసం మాత్రం అస్సలు పోకుండ్రి. మిర్యాలగూడ మిల్లులు పక్కల పెట్టుకొని బియ్యానికి పంతంగి టోలు దాటుడేంది? 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడ్డది, అప్పటి సందే మన దిక్కు మిల్లులోళ్ళు 26 కిలోల బస్తా చేసిన్రు. దానికి పన్ను లేదు. గోదాము షాపుల 25 కిలోల బ్రాండు బస్తా చీటీ మీద ₹1,450, పన్ను కలిపి ₹1,522, కిలో ₹61. ఇక్కడ అదే సన్నరకం 26 కిలోలు ₹1,480, కిలో ₹57. పైగా ఇక్కడైతే పాత బియ్యమా కొత్త బియ్యమా అని పిడికెడు తీసి చూసుకోవచ్చు. అక్కడ కుట్టు ఇప్పనియ్యరు.

కుట్టు అంటే యాదికొచ్చింది. మిషన్ కుట్టు ఒక్కపారి వేసిన బస్తాకు మూతి దగ్గర సూది బొక్కలు ఒక్క వరుసనే ఉంటయ్. దారం గుంజి ఇప్పి, మల్ల కుట్టిన దానికి రెండో వరుస బొక్కలు కనపడ్తయ్, మొదటి వరుస దారం లేకుండ ఖాళీగ ఉంటది. మేం తెచ్చిన పప్పు బస్తాకు అట్లనే రెండు వరుసలున్నయ్. ఆ ఫోటో కూడ పెద్దాయనకు చూపెట్టినం, సూడలే. 25 కిలోలు దాటిన బస్తాల మీద ఎమ్మార్పీ, ప్యాక్ చేసిన నెల లాంటివి చాలావరకు అచ్చు వెయ్యరు. అట్ల అచ్చు లేకుంటే సరుకు ఎట్లుందో పసిగట్టే దారి ఆ కుట్టు, ఆ సంచి అడుగే. అడుగు పట్టి లేపి దులిపితే పిండి రాలుతుందంటే ఆ బస్తా ముట్టుకోవద్దు.

ఇగ కార్డు ఫీజు సంగతి. ఏడాదికి ₹999 అంటరు, 18 శాతం పన్ను కలిపి ₹1,179. మన కిరాణం రేటు కన్న సగటున 3 శాతం మిగిలిందనుకున్నా, ఆ ఫీజు రావాలంటేనే ఏడాదికి ₹39,300 సామాను కొనాలె. దారి ఖర్చు ఏరే: పోను రాను 200 కిలోమీటర్లు, లీటరుకు 15 ఇచ్చే బండికి 13 లీటర్లకు పైనే తాగుతది. మీరు ఆడికి ఊకె పోయొస్తుంటే ఆ 3 శాతం బండి టాంకుల పోసినట్టే.

ఇంకోటి. ఆ ఫీజు యూపీఐతోటి కట్టినోళ్ళు ఇప్పుడే ఫోన్ తీసి ఆటోపే అని ఉంటది, అది ఇప్పి చూడుండ్రి. పిన్ను కొట్టించేటప్పుడు ఒక్కపారి కట్టుడు కాదు, ఏడాదికోపారి కోసుకునేటట్టు ఒప్పుకోలు తీసుకున్నరు. కోసే ముందు 24 గంటల కన్న ముందు మెసేజ్ రావాలె, వస్తది కూడ, కానీ ఆ మెసేజ్‌లను ఎవరు చదువుతున్నరు? ఆటోపేల పోయి ఆ ఒప్పుకోలు రద్దు చేయొచ్చు, షాపును అడగాల్సిన పని లేదు.

అక్కడ కొనదగ్గవి అసలే లేవా అంటే ఉన్నయ్. పెండ్లికి, దశదిన కర్మకు ఐదొందల మంది వంట పెట్టుకుంటే కాగితం ప్లేట్లు, గ్లాసులు, టిష్యూలు, జీడిపప్పు, కిస్‌మిస్ బాగానే మిగులుతయ్. పాడుగాని సామాను, ఒక్కపారికి అయిపోయే సామాను. దానికి కార్డు అక్కర లేదు, క్యాటరింగ్ ఆయనకు కార్డు ఉంటది. పిండి, రవ్వ, పప్పు, నూనె మాత్రం వద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నోళ్ళకు: వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొట్టి ఫిర్యాదు నంబర్ తీస్కోండి. తూకం తక్కువ వచ్చినదానికి తూనికలు కొలతల శాఖకు వేరే రాయాలె. పాడైన సరుకు బిల్లుల రాసిన గడువుల, గడువు రాయకుంటే 30 రోజుల్ల వాపసు తీసుకోకపోతే చట్టం లెక్కన అది తప్పుడు వ్యాపారం. కేసు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లనే వేయొచ్చు, మనకు నల్లగొండలనే, సిటీకి తిరిగే పని లేదు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, రెండేండ్ల లోపల వెయ్యాలె. వాళ్ళు రీసేల్ టిక్కు చూపిస్తరు, చూపియ్యనియ్యండి. జీఎస్టీ నంబర్ గడి ఖాళీ ఉన్న ఫారం, నాలుగిండ్లు పంచుకున్న లెక్క దగ్గర పెట్టుకుంటే ఇంటి వాడకమని వాదించొచ్చు. బిల్లు కాగితం మీద అచ్చు రెండు నెలలల్ల వెలిసిపోతది, ఇయ్యాలనే ఫోటో తీసి పెట్టుకోండి.

మా నాలుగిండ్లవి కలిపి ఫిర్యాదు వేసినం. ఫారం మూడో పేజీ ఫోటో కావాల్నంటే అడుగుండ్రి, పేరు నంబర్ కొట్టేసి పంపిస్త. మీ ఫారంల కూడ ఆ టిక్కు అచ్చయి వచ్చిందా, పెన్నుతోటి పెట్టిందా చూసి చెప్పుండ్రి. అచ్చుదైతే అందరియి కలిపి వేద్దాం.