జపాన్ పూల చిత్రం: తైలవర్ణమా, చెక్క అచ్చా?

పాత జపాన్ చిత్రాలు సేకరించేవారు మొదట చెక్క అచ్చుల వైపే, అంటే చెక్కిన చెక్కకు రంగద్ది కాగితం మీద తీసే చిత్రాల వైపే మొగ్గుతారు. అచ్చు చిత్రకారుడు ఒహారా కోసన్ (1877–1945) పూలకొమ్మ మీద వాల్చిన పిట్టను చూస్తే ఆ మోజు ఎందుకో అర్థమవుతుంది. అయినా ఒక్క చిత్రమే కొనే స్తోమత ఉంటే తైలవర్ణమే కొనమంటాను.

అచ్చులో గీసేది ఒకరు, చెక్కేది మరొకరు, రంగద్దేది ఇంకొకరు. అవే చెక్కలతో ఏళ్ల తర్వాత కూడా ప్రతులు తీస్తారు కాబట్టి మీ చేతిలోని ప్రతి ఎప్పటిదో తేల్చుకోవడమే పెద్ద పని. తైలవర్ణం ఒక్క చేతి పని, ఒక్కటే ఉంటుంది. 1896లో టోక్యో కళాపాఠశాలలో కురొదా సెయికి బోధన మొదలుపెట్టాక ఈ పద్ధతి బాగా వేళ్లూనింది. అక్కడ దీన్ని ‘యోగా’ అంటారు, అంటే పాశ్చాత్య చిత్రం. పేరున్న చిత్రకారుడు నకగావా కజుమసా గులాబీలు మనబోటివాళ్లకు అందవు. పేరు పడని చిత్రకారుల చిన్న కాన్వాసులు అందుతాయి. అక్కడ ధర ‘గో’ అనే కాన్వాసు కొలతను బట్టి కడతారు. నాలుగు గోల కాన్వాసు మామూలుగా 33.3 × 24.2 సెంటీమీటర్లు.

కొనేముందు చిత్రాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకోండి. కామెల్లియా రేకు మీద రంగు గట్టులా లేచి, దాని నీడ పక్కనే పడాలి. భూతద్దంలో సన్నని చుక్కలు కనిపిస్తే అది యంత్రంతో అచ్చేసిన నకలు. తర్వాత వెనక్కి తిప్పండి. ముందు సంతకం రోమన్ అక్షరాల్లో ఉన్నా, వెనక చట్రం మీద చిత్రం పేరు, చిత్రకారుడి పేరు చాలాసార్లు జపాన్ లిపిలో ఉంటాయి. చిత్రాన్ని దాచే పసుపు గుడ్డ సంచి, పెట్టె కూడా వస్తే మంచిదే, కానీ ఆ పెట్టె ఈ చిత్రానిదేనా అని కొలిచి చూడండి. రంగు పెచ్చులూడుతుంటే మాత్రం ఎంత చౌకైనా వద్దు.

వెలుతురు సంగతి కూడా ఉంది. కాగితం మీది రంగులు త్వరగా వెలుస్తాయి, అందుకే మ్యూజియాల్లో వాటికి సుమారు 50 లక్సుల వెలుగే ఇస్తారు. తైలవర్ణం 200 దాకా తట్టుకుంటుంది. విశాఖ, కాకినాడల్లాంటి చోట్ల బూజు భయం రెండింటికీ ఉంది. గోడకూ కాన్వాసుకూ మధ్య గాలి ఆడనివ్వండి. పట్టు మీద ఖనిజపు రంగులతో వేసే ‘నిహొంగా’ చుట్టలను సాకడం కష్టం, మొదటి కొనుగోలుకు వద్దు.

ఐరిస్ పూల మీద మాత్రమే మనసుంటే అచ్చు కొనండి. నీలం మెల్లగా పలచబడి తెల్లకాగితంలో కలిసిపోయే ఆ తీరు నూనె రంగుకు పట్టుబడదు. కాగితం వెనక రంగు ఇంకిందో లేదో, అచ్చు తీసేటప్పుడు రుద్దిన గుండ్రటి జాడలు ఉన్నాయో లేదో చూసి మరీ తీసుకోండి.