ఒలీవల కొండ మీద అగస్టా విక్టోరియా: పది నిమిషాల్లో చూసేది కాదు

హోలీ ల్యాండ్ టూర్‌కి వెళ్లేవాళ్లు డబ్బు కట్టేముందే ఒక మాట అడగండి, యెరూషలేములోని ఒలీవల కొండ రోజున అగస్టా విక్టోరియా చర్చి దగ్గర ఎంతసేపు ఆపుతారని. మా టూర్‌వాళ్లు (పేరెందుకులెండి) కాగితం మీద పెద్దగా రాశారు గానీ తీరా వెళ్లాక పది నిమిషాలకే బస్సెక్కండి, బస్సెక్కండి అని ఒకటే గోల. నాకు మనసాగక మర్నాడు టాక్సీ మాట్లాడుకుని మళ్లీ వెళ్లాను.

చర్చి బాగుంది. జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ తన భార్య పేరు మీద కట్టించిన భవనం, 1910లో ప్రారంభమైంది. పైకప్పు వైపు చూస్తే ఆ రాజూ రాణీ కూడా కనిపిస్తారు, దేవుడి మందిరంలో తమ బొమ్మలు వేయించుకున్నారు మరి! గోపురం మీంచి ఒకవైపు పాత పట్టణం, ఇంకోవైపు యూదయ ఎడారి. అందరూ దానికోసమే వస్తారు, ఫోటోలు దిగి పోతారు.

నేను మళ్లీ వెళ్లింది మాత్రం అదే ఆవరణలో లూథరన్లు (మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు) నడిపే ఆసుపత్రి కోసం. దాని వెనక ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి లోకంలోని లూథరన్లలో దాదాపు ఆరుగురికి ఒకరు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లే. అంతకుముందు 1923లో జర్మనీలోని ఐసెనాక్‌లో మొదలైన లూథరన్ వరల్డ్ కన్వెన్షన్ ఉంది గానీ అది కాస్త వదులు కూటమి. 1947లో స్వీడన్‌లోని లుండ్‌లో 23 దేశాల నుంచి 47 సంఘాలు కలిసి లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ పెట్టుకున్నాయి. రెండేళ్ల కిందటిదాకా ఒకరి మీద ఒకరు బాంబులు వేసుకున్న దేశాలవాళ్లు పక్కపక్కన కూర్చోవడమంటే మాటలా? పైగా సొంతవాళ్లే ఇంకా శిబిరాల్లో ఉండగా, 1950లో ఇక్కడికొచ్చి ఐక్యరాజ్యసమితితో కలిసి ఈ ఆసుపత్రి భారం ఎత్తుకున్నారు. ఎవరికోసం? 1948 యుద్ధంలో ఇళ్లు పోయిన పాలస్తీనా శరణార్థుల కోసం, వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. మన సంఘాల్లో పక్క వీధి చర్చితో కలిసి క్రిస్మస్ చేసుకోవడానికే మూడు కమిటీలు కావాలి, నాకు అదే గుర్తొచ్చింది.

ఇప్పుడు క్యాన్సర్ వైద్యానికి, డయాలసిస్‌కి పేరున్న చోటు. వెస్ట్ బ్యాంక్ నుంచి రావాలంటే రోగికి అనుమతి కాగితం ఉండాలి, తోడు వచ్చేవాళ్లకి కూడా; 2023లో యుద్ధం మొదలయ్యేదాకా గాజా నుంచి వచ్చేవాళ్లకీ అంతే. అందుకే చెప్తున్నా, ఆసుపత్రి వైపు ఫోన్ ఎత్తి వీడియోలు తీయకండి. అది చూడ్డానికి వెళ్లే చోటు కాదు. చర్చిలో కూర్చోండి, బయట చెట్ల కింద కాసేపు నడవండి, సంగతి తెలిసి నడిస్తే చాలు.

ఈ చోటుకి అయిదుకి అయిదు. మా టూర్‌వాళ్లకి ఒకటి, అదీ లగేజీ మోసిపెట్టిన డ్రైవర్ అన్న కోసం.