హాప్స్ లేని బీరు కోసం బ్రూజ్, గెంట్

బెల్జియం వెళ్లినవాళ్లు చాలామంది బ్రూజ్‌లోనే దిగుతారు. మేమూ మొదటి రాత్రి అక్కడే దిగాం, తప్పు చేశాం. కాలువ పక్క గది అంటే ఆశపడ్డాం. తీరా చూస్తే లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తు, నిచ్చెన లాంటి మెట్లు, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ.

బ్రూజ్ వెళ్లింది గ్రూట్‌హూస్ భవనం చూడటానికి. ఒకప్పుడు ఇక్కడ బీరులో చేదు కోసం వేసే హాప్స్ పువ్వులకు బదులు ‘గ్రూట్’ అనే మూలికల మిశ్రమం వేసేవారు. అందులో ముఖ్యమైనది స్వీట్ గేల్ అనే చిత్తడి నేలల పొద ఆకు. ఆ మిశ్రమంపై పన్ను వసూలు చేసే హక్కు ఈ భవనం యజమానులది. వాళ్ల సంపదకు మూలం అదే. పన్ను రాబట్టడానికి ఇంతకన్నా తేలికైన దారి ఉందా! ఇంగ్లండ్ నుంచి పారిపోయి వచ్చిన నాలుగో ఎడ్వర్డు రాజుకు 1470-71లో ఆతిథ్యమిచ్చింది ఈ కుటుంబమే. భవనం నుంచి పక్క చర్చిలోకి తెరుచుకునే 1472 నాటి చెక్క ప్రార్థన గది ఒక్కటి చాలు, టికెట్టు డబ్బులు గిట్టుబాటవుతాయి. బీరు చుక్క మాత్రం దొరకదు.

అది కావాలంటే రైల్లో అరగంట దూరంలోని గెంట్‌కు వెళ్లాలి. అక్కడ ఆ మిశ్రమం పేరుతోనే 2009లో మొదలైన ‘గ్రూట్’ అనే బీరు కాచే శాల ఉంది. హాప్స్‌కు బదులు మూలికలే వాడతారు. మిశ్రమంలో ఏమేం వేస్తారని అడిగాను. నవ్వే సమాధానం. తెల్ల బీరు నాకు పలచగా అనిపించింది. ఆంబర్ అనే రకం నచ్చింది: మామూలు బీరులోని చేదు లేదు, మింగాక గొంతులో ఘాటు నిలుస్తుంది. బీరు ముట్టని మా ఆవిడ వాసన చూసి, “దగ్గుకు మా అమ్మమ్మ కాచే కషాయమే కదండీ ఇది!” అంది. బెల్జియం తెల్ల బీరులో ధనియాలు, నారింజ తొక్క వేయడం మామూలే అని చెబితే నమ్మలేదు.

బస కూడా గెంట్‌లోనే పెట్టుకోండి. శాకాహారులకు ఇక్కడ తిండి బెంగ తక్కువ. గురువారం మాంసం మానండని 2009లోనే ప్రచారం మొదలుపెట్టిన ఊరిది. ఆ శాలలో చివరగా బ్రూన్ అనే రకం బీరు తాగాను. ఆల్కహాలు 8 శాతం. గ్లాసు చిన్నదే కదా అని చులకన చేశాను. ట్రామ్‌లో మేం దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు వెళ్లాక గానీ తెలివి రాలేదు.